ఒరిగే బండి మీద ఆటో రాజేశం

కోరుట్ల బస్టాండు ముందు ఆటో తోలినన్నాళ్లూ రాజేశానికి ఒక్క పిలుపంటే ఒళ్లు మండేది. "ఏ ఆటో!" అని కేకేసేవాళ్లు జనం. వాళ్ల లెక్కలో బండి వేరు, మనిషి వేరు కాదు. రెంటికీ కలిపి ఒకటే పేరు. "మా అవ్వ నాకు రాజేశమని పేరు వెట్టింది. ఆటో అంటే నేను పలుక" అని ముఖం తిప్పుకునేవాడు. తిప్పుకున్నా ఎంతసేపు? వెనకున్న ఆటోవాడు ఆ గిరాకీని ఎగరేసుకుపోతుంటే మళ్లీ తనే "రాండ్రి, మెట్‌పల్లి, మెట్‌పల్లి! ఇంకొక్కలు ఎక్కితే కదులుడే" అని అరిచేవాడు. ఆ ఇంకొక్కరు ఎక్కాక కూడా ఇంకొక్కరి కోసం చూసేవాడు, అది వేరే సంగతి.

తోలడం మాత్రం బాగా తోలేవాడు. వెనక సీటులో ఎందరున్నారు, తన సీటుకు అటూ ఇటూ ఎందరు వేలాడుతున్నారు అన్నది పోలీసులు చూసుకోవాల్సింది. మనం చూడాల్సింది మలుపు దగ్గర ఆయన చేసే పని. మలుపు రాగానే పక్కన కూర్చున్నవాళ్లకు "లోపలికి ఒరుగుండ్రి" అని హుకుం వేసేవాడు. అందరూ ఒక్కసారే ఒరిగేవారు, ఆటో బుద్ధిగా తిరిగేది. ఆగాల్సిన చోట ఆగగానే ఎడమ మణికట్టు దానంతట అదే తిరిగి గేరును న్యూట్రల్‌లోకి తెచ్చేది. అప్పుడు రెండు కాళ్లూ పైకి ముడుచుకుని, సీటు మీద బాసింపట్టు వేసి, గిరాకీ కోసం చూస్తూ కూర్చునేవాడు. ఆయన జీవితంలో సుఖమంటే ఆ కూర్చోవడమే.

తర్వాత ఊళ్లో ఎక్కేవాళ్ల కంటే ఆటోలు ఎక్కువైపోయాయి. చాలామంది లాగే రాజేశం కూడా వీసా పట్టుకుని సౌదీలోని జుబైల్ చేరాడు. అక్కడి ప్లాంట్లు అప్పుడప్పుడు మొత్తం పని ఆపేసి మరమ్మతులు చేసుకుంటాయి. దాన్ని షట్‌డౌన్ అంటారు. ఆ పనికి హెల్పర్‌గా కుదిరాడు. ఒక షట్‌డౌన్‌లో పైపు జారి ఎడమ మోకాలి మీద పడింది. కాలు దక్కింది, నడకా వచ్చింది. కానీ ఉన్నట్టుండి బరువు పడితే మాత్రం ఆ మోకాలు మడత పడిపోతుంది. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఆయన్ని ఇంటికి పంపెయ్యలేదు, అది ఆయన మంచితనం. పనివాళ్లుండే క్యాంపు మెస్‌లో కూర్చోబెట్టి కత్తి చేతికిచ్చారు.

అప్పటినుంచి రాజేశం పని ఉల్లిగడ్డలు కోయడం. క్యాంపంతా తినే మెస్‌లో ఉల్లిగడ్డలంటే మాటలు కాదు, బస్తాలకు బస్తాలు. గదిలో పక్క మంచం లింబాద్రిది. వెల్డరు, మెట్‌పల్లి దగ్గరి మనిషి, నోరు ఊరుకోని రకం. "ఉల్లిగడ్డ రాజేశం" అని పేరు పెట్టింది ఆయనే. ఆ పేరు క్యాంపంతా అంటుకుంది. రాజేశం పెద్దగా బాధపడలేదు. తిండికి లోటు లేదు, గదిలో ఏసీ ఉంది, మనుషులు మంచివాళ్లు. ఉన్నదొక్కటే కొరత. తోలేవాడి చేతిలో హ్యాండిల్ లేకపోతే ఎట్లా ఉంటుందో తోలనివాడికి ఎంత చెప్పినా ఎక్కదు. కత్తి కింద పెట్టిన ప్రతిసారీ ఆయన ఎడమ మణికట్టు ఉత్త గాలిలో న్యూట్రల్ వేసేది. భార్య పోశమ్మ ఇంటినుంచి ఫోన్ చేస్తే ఇప్పటికీ "ఏం జేత్తున్నవ్ డ్రైవర్ సాబ్?" అనే అడిగేది. వేళాకోళం కాదు, అలవాటు. ఆ మాట విన్న రోజు రాజేశానికి ఉల్లిగడ్డలు లేకుండానే కళ్లు మండేవి.

మెస్ నుంచి ప్లాంటు లోపలి సైట్లకు మధ్యాహ్నం అన్నం మోటారు సైకిళ్ల మీద వెళ్తుంది. లోపలి రోడ్లు కాబట్టి కంపెనీ ఇచ్చే గేటు పర్మిట్ ఉంటే చాలు. గాలిదుమారాల కాలంలో ఆ రోడ్లకు అడ్డంగా ఇసుక పరుచుకుంటుంది. ముందు చక్రం జారడం, బళ్లు తోలే కుర్రవాళ్లు పడడం, పనివాళ్లు బిస్కెట్లతో సరిపెట్టుకోవడం మామూలైపోయింది. చివరికి క్యాంపు బాస్ అబూ ఫహద్ విసిగిపోయాడు. సౌదీ ఆయన, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద నవ్వు. ముందు రెండు చక్రాలుండే బళ్లు తెప్పించి చూద్దామన్నాడు.

అది మన ఆటోను తిరగేసినట్టుండే బండి. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. కానీ ఆటోలా బిర్రబిగుసుకుని ఉండదు. మలుపులో ముందు చక్రాలు రెండూ కలిసి ఒకే పక్కకు ఒరుగుతాయి, వాటితో పాటు బండీ మనిషీ ఒరుగుతారు. ఒక చక్రం ఇసుకలో జారినా రెండోది పట్టుకుంటుంది. ఇలాంటి బళ్లు చేసే కంపెనీల పోటీ అలా ఆ క్యాంపు గేటు దాకా వచ్చింది. ఒక కంపెనీది ఎర్రబండి. తేలిక, చవక, ఆగితే మోటారు సైకిలు లాగే కాలు ఆనించాలి. ఇంకో కంపెనీది నీలిబండి, బరువెక్కువ, ధరెక్కువ. కానీ దాని ఎడమ చేతి పిడి దగ్గర ఒక బటన్ ఉంది. ఆగేటప్పుడు అది నొక్కితే ముందు చక్రాలు ఒరగకుండా బిగుసుకుని బండి తనంత తాను నిలబడుతుంది. యాక్సిలరేటర్ తిప్పగానే ఆ బిగువు విడిపోతుంది. నొక్కడం మరిచామా, అదీ పడేదే.

ఇక ఈ పోటీలో అసలు తమాషా ఏమిటంటే, ఎర్రబండి షోరూం మెకానిక్ ఇష్తియాక్, నీలిబండి షోరూం మెకానిక్ ఇనాయతుల్లా ఇద్దరిదీ ప్రొద్దుటూరే. ఇష్తియాక్ చేసుకున్నది ఇనాయతుల్లా అక్క ఖాలిదాను. జుబైల్‌లో ఈ బావాబామ్మర్దులది ఒకే గది, ఒకే పొయ్యి. పొద్దంతా ఒకరి బండికి ఒకరు వంకలు పెట్టి, పొద్దుగూకితే ఒకే పళ్లెంలో తింటారు. తినేచోట బళ్ల మాట ఎత్తకూడదని ఖాలిదా ఫోన్‌లోనే ఆర్డరు వేసింది.

బండి చూపించే రోజు కుర్రవాళ్ల వరసలో రాజేశం కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. మూడు చక్రాల బండి అని విన్నప్పటినుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు. మూడు చక్రాలంటే తన చక్రాలే కదా! అబూ ఫహద్ ఆయన మోకాలి వైపు చూసి "నువ్వా?" అన్నాడు. "మై ఆటో డ్రైవర్, సాబ్!" అన్నాడు రాజేశం, వచ్చిన హిందీలో. సరే కానిమ్మన్నారు.

ముందు ఎర్రబండి. వెనక సాంబారు గుండు, అంటే మూత ఉన్న పెద్ద గిన్నె, కట్టారు. రాజేశం ఎక్కి మెస్ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. మలుపు దగ్గర పక్కన ఎవరూ లేకపోయినా "లోపలికి ఒరుగుండ్రి" అని అరిచి తానే ఒరిగాడు. బండి ఎంత సొగసుగా తిరిగిందంటే ఇష్తియాక్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. తిరిగొచ్చి సరిగ్గా అబూ ఫహద్ ముందు ఆపాడు. మణికట్టు తిరిగింది. రెండు కాళ్లూ బండి మీదే పెట్టుకుని, బస్టాండు ముందు కూర్చున్నట్టు దర్జాగా కూర్చున్నాడు. మూడు చక్రాల బండి పడుతుందని ఏ ఆటోవాడికి తోస్తుంది? బండి మెల్లగా ఎడమకు ఒరిగింది. ఉలిక్కిపడి ఎడమ కాలు ఆనించాడు, మోకాలు మడత పడింది. రాజేశం కింద, బండి పక్కన, సాంబారు అబూ ఫహద్ చెప్పుల మీద.

"ఉల్లిగడ్డ సాంబార్ల వడ్డదిరో!" అన్నాడు లింబాద్రి. అందరూ నవ్వారు, అబూ ఫహద్ కూడా నవ్వాడు, రాజేశమూ వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వి మెస్ వెనక్కి పోయి ఏడ్చాడు. దెబ్బకు కాదు. ఇక జన్మలో హ్యాండిల్ ముట్టుకోలేనని తెలిసిపోయినందుకు ఏడ్చాడు. ఏడ్చాక కళ్లు తుడుచుకుని తిన్నగా అబూ ఫహద్ దగ్గరికే వెళ్లాడు. వేలు ఒకటి చూపించి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లోంచి రెండు తీశాడు: "వాహిద్ మర్రా." ఒక్కసారి. నీలిబండి మీద ఒక్కసారి.

అబూ ఫహద్ కడుక్కున్న చెప్పుల వంక చూసుకున్నాడు. "శనివారం" అన్నాడు. "పడితే ఖలాస్. మళ్లీ బండి మాట నా దగ్గర ఎత్తొద్దు."

శుక్రవారం నమాజు అయ్యాక ఇనాయతుల్లా రాజేశానికి నేర్పడానికి నీలిబండి తీసుకుని సముద్రం పక్క ఖాళీ మైదానానికి వచ్చాడు. జాలి ఉంది, కాదనను. కానీ మోకాలు పనిచెయ్యని మనిషిని నిలబెట్టి చూపిస్తే తన బండికి అంతకంటే మంచి ప్రచారం లేదన్న లెక్కా ఉంది. ఇష్తియాక్ కూడా వెంట వచ్చి, గోడ మీద కూర్చుని గింజలు కొరుకుతూ, బామ్మర్ది పాట్లు చూసి ఆనందిస్తున్నాడు.

పాట్లే మరి. రాజేశం ఒరగడం బ్రహ్మాండంగా ఒరుగుతున్నాడు, ఆగడమే రావడం లేదు. ఆగిన ప్రతిసారీ కాళ్లు పైనే, బటన్ మీదికి వేలు పోదు, ఇనాయతుల్లా పరుగెత్తి బండిని పట్టుకోవాలి.

"బటన్ అన్నా, బటన్!"

"యాదికుంటలేదు భయ్యా. ఆగినంక యాదికొస్తున్నది."

"ఆగినాక గుర్తొస్తే ఏం లాభమబ్బా? అప్పటికే నువ్వు కింద ఉండావు!"

సూర్యుడు కిందికి దిగుతున్నాడు. తెల్లారితే శనివారం. గోడ మీద గింజల చప్పుడు ఆగిపోయింది. ఇష్తియాక్ చిన్నప్పుడు ప్రొద్దుటూరులో పని నేర్చుకున్నది ఆటో గ్యారేజీలో.

"ఒరే ఇనాయతూ, ఆయన ఎడమచెయ్యి చూడు. ఆగిన ప్రతిసారీ న్యూట్రల్ వేస్తాండాడు."

గోడ దిగి వచ్చి రాజేశం బొటనవేలు పట్టుకుని బటన్ మీదికి జరిపాడు. "అన్నా, బటన్ సంగతి మర్చిపో. నువ్వు ఎప్పట్లాగే న్యూట్రల్ వెయ్యి. ఈ వేలు మాత్రం ఇక్కడుండనీ."

రాజేశం పోయి తిరిగొచ్చి ఆపాడు. మణికట్టు దాని అలవాటు ప్రకారం తిరిగింది, దాంతో పాటే బొటనవేలు బటన్ మీద ఒత్తుకుంది. టక్కుమని చక్రాలు బిగుసుకున్నాయి. కాళ్లు పైనే ఉన్నాయి. బండి నిలబడింది. రాజేశం నమ్మలేక మళ్లీ పోయి మళ్లీ ఆపాడు. మళ్లీ నిలబడింది. చీకటి పడేదాకా ఆపుతూనే ఉన్నాడు.

"బావా, ఇది నా బండి" అన్నాడు ఇనాయతుల్లా మెల్లగా. "రేపు ఇది గెలిస్తే నీ ఎర్రది ఓడిపోతాది."

"తెలుసులే. మెకానిక్కును గదరా! ఎదురుగా ఒకటి పనిచెయ్యకుండా ఉంటే గమ్మున కూసోలేను" అన్నాడు ఇష్తియాక్. "మీ అక్కకు మాత్రం చెప్పొద్దు, నవ్వుతాది."

శనివారం గాలి ఉదయం నుంచే లేచింది. రాజేశం తనే అడిగి వెనక సాంబారు గుండు కట్టించుకున్నాడు. ఈసారి మెస్ చుట్టూ కాదు, ప్లాంటు గేటు దాకా పోయి రావాలి. అబూ ఫహద్ జీపులో వెనకాలే వచ్చాడు, జీపులో బావాబామ్మర్దులు ఇద్దరూ. నీళ్ల ట్యాంకు దగ్గరి మలుపులో ఇసుక మీద ఒక చక్రం సర్రున జారింది. రెండోది పట్టుకుంది. "ఒరుగుండ్రి" అన్న కేక జీపులోకి వినిపించింది.

గేటు దగ్గర గార్డు ఆపాడు. పర్మిట్ చూసి, తిప్పి చూసి, ఫోన్ చెయ్యడానికి లోపలికి పోయాడు. పోయినవాడు రాడు. గాలి పక్కనుంచి తోస్తోంది. ఎర్రబండి మీద ఉంటే కుర్రవాళ్లయినా రెండు కాళ్లూ ఆనించి బిగబట్టాల్సిన గాలి అది. రాజేశం మణికట్టు ఎప్పుడో తిరిగింది. కాళ్లు రెండూ పైన పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఇంకొక్కరు ఎక్కాల్సి ఉన్నట్టు తాపీగా కూర్చున్నాడు.

తిరిగొచ్చాక అబూ ఫహద్ గుండు మూత తనే తీశాడు. దూరంగా నిలబడి తీశాడు, చెప్పులు కొత్తవి. సాంబారు పోసినంతా ఉంది. "తమామ్" అన్నాడు, అంతా బాగుందని.

ఆయన వ్యాపారం తెలిసిన మనిషి. కాళ్లు బాగున్న కుర్రవాళ్లకు చవకైన ఎర్రబళ్లు, రాజేశానికి ఒక్క నీలిబండి అని తేల్చేశాడు. ఎక్కువ బళ్లు అమ్ముడుపోయాయి కాబట్టి గెలిచింది తానేనని ఇష్తియాక్, పడకుండా నిలబడింది తన బండే కాబట్టి గెలిచింది తానేనని ఇనాయతుల్లా ఆ రోజునుంచి వాదించుకుంటూనే ఉన్నారు. అన్నం దగ్గర మాత్రం కాదు.

డ్యూటీ ఎక్కే రోజు పొద్దున పోశమ్మ ఫోన్ చేసింది. "ఏం జేత్తున్నవ్ డ్రైవర్ సాబ్?"

"బండి తుడుస్తున్న" అన్నాడు రాజేశం. పోశమ్మ "జర పైలం" అంది, జాగ్రత్తని. ఆటో తోలిన రోజుల్లో పొద్దున బండి తీస్తుంటే అనేది ఆ మాటే.

ఆ మధ్యాహ్నం లింబాద్రి పనిచేసే సైటుకు అన్నం చేరింది. డబ్బాలు దించుకోవడానికి మనుషులు వచ్చేలోపు రాజేశం నీడలో బండి ఆపాడు. మణికట్టు తిరిగింది. సీటు మీద వెనక్కి జరిగి, కాళ్లు పైన పెట్టుకుని, ఎదురు చూస్తూ కూర్చున్నాడు. వెల్డింగ్ హెల్మెట్ పైకెత్తుకుంటూ లింబాద్రి బయటికొచ్చి ఆ కూర్చున్న తీరు చూసి అక్కడే ఆగిపోయాడు. ఆయన నోటి సంగతి తెలిసిందే, ఉల్లిగడ్డ మాట వస్తుందని రాజేశం ముందే నవ్వుకు సిద్ధపడ్డాడు. లింబాద్రి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, బస్టాండు ఇవతలినుంచి అవతలికి వినపడేలా కేకేశాడు.

"ఏ ఆటో! మెట్‌పల్లి వస్తవా?"

రాజేశం ముఖం తిప్పుకోలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తిరగనిచ్చి, సీటు మీద కాస్త పక్కకు జరిగాడు.

"రా రా, ఇంకొక్కలు ఎక్కితే కదులుడే!"