ఎండలో ఏరొచ్చిన ఆదివారం

మా చిన్న పట్నం ఏటి ఒడ్డున పుట్టింది. ఒకప్పుడు ఇక్కడి పత్తి పడవల మీద వెళ్లేదని, రేవు చుట్టూనే బజారు పెరిగిందని శాఖా గ్రంథాలయంలోని ఒక పాత పుస్తకంలో చదివాను. ఎనిమిదితో బడి మానేసినా ఆ పుస్తకం నాకు దాదాపు కంఠతా వచ్చు. టీ కొట్టు దగ్గర ఎవరు దొరికితే వాళ్లకి వినిపించేవాణ్ణి.

ఎనభైల నాటికి పత్తి లారీలెక్కి చిలకలూరిపేట మిల్లులకు పోయేది, మిరప గుంటూరుకు పోయేది. రేవులో జనాన్ని ఏరు దాటించే పడవ ఒక్కటే మిగిలింది. వేసవిలో మాత్రం ఏరు మళ్లీ మాకు పనికొచ్చేది. నీళ్లు అవతలి ఒడ్డుకు సన్నటి పాయగా తగ్గగానే, కౌలు రైతులంతా ఇవతలి ఇసుక మీద పరదాలు పరిచి మిరపకాయలు ఆరబోసేవాళ్లు. ఆ ఏడు మా అమ్మ పండించిన కాయంతా అక్కడే ఉంది. అది అమ్మి కౌలు కడితేనే చేను మళ్లీ మా చేతికొస్తుంది.

ఒక ఆదివారం అందరం చర్చిలో ఉన్నాం. ప్రార్థన మధ్యలో బయట గంట మోగింది. వేళగాని వేళ మోగితే మాకది చావు కబురు. ఎవరు పోయారోనని బయటికొస్తే, గంట తాడు పట్టుకుని పడవ నడిపే సాయిబు మామ. నడుం దాకా తడిసి ఉన్నాడు.

"ఏరొస్తా ఉంది, లెగండి," అన్నాడు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. మేం అలాగే నిలబడిపోయాం. అమ్మ ఒక్కతే పరుగు తీసింది.

వెళ్లేసరికి నీళ్లు చప్పుడు లేకుండా ఇసుక మీద పాకుతూ పరదాల కిందకు దూరుతున్నాయి. కాయలు తేలి ఎర్రటి చారలుగా సాగిపోతున్నాయి. పైన డ్యాం తలుపులెత్తారట. పై ఊళ్లలో దండోరా వేశారు గానీ అది మా దాకా రాలేదు. అమ్మ అరిస్తే గానీ నేను పరదా కొస పట్టుకోలేదు.

తడిసినవన్నీ ఒడ్డుకు లాగాక అమ్మ నా వంక చూసింది.

"ఆషాఢం దాకా ఏరు రాదని నీ పుస్తకంలో ఉందన్నావే?"

"అది రాసేనాటికి డ్యాం లేదమ్మా."

"డ్యాం కట్టాక ఎవరూ రాయలేదా మరి?"

తడికాయ కుప్పగా ఉంటే తెల్లారేసరికి కుళ్లుతుంది. పట్నంలో సిమెంటు డాబా ఎక్కడుందో నాకు బాగా తెలుసు. లైబ్రేరియన్ గారు గ్రంథాలయం డాబా తాళంచెవి ఇస్తూ, పుస్తకాల మీద కారం పడిందంటే నన్ను లోపలికి రానివ్వనన్నారు.

వారమంతా చదువరులు తుమ్ముతూనే పేపరు చదివారు. తెల్లబారిన తాలుకాయ ఏరేశాక సగానికి పైగా మంచికాయే నిలిచింది. చేను దక్కింది. నేను కింద కూర్చుని ఆ పాత పుస్తకమే తెరిచాను. నా నెత్తి మీద డాబాపై అమ్మ కాయ తిరగేస్తూ నడుస్తోంది. పుస్తకంలో మా ఏరు వేసవిలో ఇంకా ఎండిపోయే ఉంది.