అల్మారాలో నెల రోజులున్న మైనం ముక్క

మొన్న మంగళవారం పొద్దున మా కాక పోయాడు. తుకుం అనే మా వాడలో పక్కింటాయన. రక్తసంబంధం లేదు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు చదవడం నేర్పింది ఆయనే, యూనియన్ కరపత్రాలు ముందు పెట్టి. "సదువుడు వచ్చింది, ఇగ జర ఇనుడు నేర్సుకో" అనేవాడు. అది మాత్రం నేర్చుకోలేదు.

బాయిలో బీడీ ముట్టించకూడదు కాబట్టి ఆ తరమంతా ఖర్రా నమిలింది. పోకచెక్క, పొగాకు, సున్నం కలిపి రుద్దిన పొడి. నేను ఖర్రా మానెయ్యమని కరపత్రాలు పంచుతుంటే కాక ఒక కట్ట లాక్కుని వాడంతా తిరిగాడు.

"ఏంది కాకా, నోట్ల ఖర్రా, చేతుల కరపత్రమా?" అన్నాను.

"నోరు నాది. చేతులు నీవి అనుకోరా!"

కాకకు చెంప లోపల కేన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ఏడాది తిరగకుండా మెడలో మళ్లీ గడ్డ లేచింది. కొత్త మందు ఒకటి ఉందని, అది అందరికీ పట్టదని డాక్టరు చెప్పాడు. గడ్డ ముక్కలో ఒక గుర్తు ఎంత ఉందో చూస్తే కాకకు పట్టే అవకాశం తెలుస్తుందట. మైనంలో దాచిన ఆ ముక్కను నా చేతికిచ్చి నాగపూర్ ల్యాబుకు తీసుకెళ్లమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పరీక్షలన్నీ కమీషన్ల కోసమేనని అంతకు వారం ముందే ఒక కరపత్రంలో చదివాను. "మనిషి ఎదురుగా కూర్చున్నాడు కదా, మైనాన్ని అడిగేదేమిటి?" అని మరాఠీలో అరిచాను. కాక మోచెయ్యి పట్టి నన్ను బయటికి లాగాడు.

"ఇది లూటీ కాకా. నేను కొట్లాడుత" అన్నాను.

"నువ్వు సదివినోనివి. నీకే తెలుస్తది" అన్నాడు. ఆ నమ్మకమే ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మైనం ముక్కను అల్మారాలో పెట్టి ఫిర్యాదులు రాస్తూ కూర్చున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఈలోగా కాక రొట్టె నుంచి జావకు, జావ నుంచి ముక్కులో గొట్టానికి వచ్చాడు. నెలైన తర్వాత కాక భార్య, మా కాకి, వచ్చి మా గడప దగ్గర నిలబడింది.

"నీ కొట్లాట ఎన్కసీరి చేస్కో బిడ్డా. ముందుగల్ల ఆ ముక్క తీస్కపో."

తీసుకెళ్లాను. రిపోర్టు వచ్చింది. గుర్తు బాగా ఉంది. డాక్టరు అరవలేదు, అరిస్తే బాగుండేది. "మందు పట్టే అవకాశం మంచిగానే ఉండింది. ఇప్పుడు ఈ ఒంటికి ఎక్కించలేం. ముందే ఇచ్చినా బతికేవాడని మాత్రం మాటివ్వలేను" అన్నాడు.

కమీషన్ల దందా లేదని నేను అనను. దానితో ఇంకా కొట్లాడతాను. కానీ ఆ కొట్లాటకు కాక రోజులను ఖర్చుపెట్టే హక్కు నాకెవరిచ్చారు?

ఆ రోజే ఎండలో వచ్చి మంచం పక్కన నిలబడి రిపోర్టు చదివి వినిపించాను. తప్పు నాదేనన్నాను. అప్పటికే కాకకు మాట పడిపోయింది. చెమట కారుతున్న నా ముఖం చూసి, తన భుజం మీది తువ్వాల తీసి తుడవబోయాడు. చెయ్యి నా గడ్డం దాకా కూడా లేవలేదు. నేనే వంగాను.