తాత అడిగే ఊరు

ఆవనూనెలో కర్పూరం వేసి కాచిన వాసన వస్తే ఇప్పటికీ నా ఎడమ భుజం ఉలిక్కిపడుతుంది.

నా చిన్నప్పుడు, ఊళ్లు వదిలి రైలు పనికి వచ్చిన మావాళ్లుండే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో, జారిన కీళ్లు సర్దే సింహాద్రి తాత ఉండేవాడు. "మీది ఏ ఊరు నాయినా?" అని అడిగి, అవతలివాళ్లు పేరు చెబుతుండగానే టక్కున లాగేవాడు. జారిన నా భుజమూ ఆ నూనె రాసి అలాగే సర్దాడు. ఊరి పేరు చెబితే నొప్పి ఆ ఊరికి పోతుందని నమ్మాను. ఆ తర్వాత రోజూ ఆయన పక్కనే కూర్చున్నాను.

"కళ్లు మూసీ పిల్లా, బొటనేలుతో సూడు," అని నేర్పాడు.

ఒక పొద్దున తాత లేవలేదు. మెడ పక్కకు వాలిపోయింది. అయినవాళ్లకు కబురు పంపాలి.

"ఈ ముసిలోడిది ఏ ఊరో ఎవులికైనా తెలుసా?" అన్నాడు నాన్న.

"అందర్నీ ఆడే అడిగీవోడు. ఆడినెవులడిగారు?" అంది అమ్మ.

మెడ సర్దితే లేస్తాడనుకున్నాను. చల్లబడిన ఆ మెడకు బొటనవేలు ఆనించి, "తాతా, మీది ఏ ఊరు?" అన్నాను. పేరు చెప్పగానే లాగుదామని, అమ్మ వచ్చి లేవదీసేదాకా అలాగే కూర్చున్నాను.

ఇప్పుడు కీళ్లు సర్దే ఆ పని నాది. ఎవరి మెడ పట్టినా ముందు ఊరే అడుగుతాను. వాళ్లు జవాబు చెప్పేలోపు, నా వేలి కింద తాత మెడే చల్లగా తగులుతుంది.