జోజమ్మకు పని చెప్పండి

జోజమ్మ ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. మూడేళ్లప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడినా, ఎర్రుపాలెంలో ఇంటి వెనక జామచెట్టు ఎక్కడం మానలేదు. చేతులతోనే ఎక్కేది. బడిపంతులైన తండ్రి కింద నిలబడి ప్రార్థన చేస్తుంటే, పైనుంచి ఆయన మీదికే కాయలు విసిరేది. పెద్దయ్యాక తెలుగు టైపు హయ్యర్ పాసైంది. అలాంటి మనిషిని పట్టుకెళ్లి రెండేళ్లు కుర్చీలో కూర్చోబెట్టారు చూడండి! జైలే నయం, అక్కడ ఏదో ఒక పని చెబుతారు.

2006లో వికలాంగుల కోటాలో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. భద్రాచలం దాటాక అడవి అంచున ఓ మండలాఫీసు. కింద వరండా, సామాను గది. సెక్షన్లన్నీ మేడమీద. పదిహేడు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. చంకకర్రతో బస్సు దిగిన జోజమ్మను చూసి ఆఫీసంతా కరిగిపోయింది. వరండాలో ఫ్యాను కింద కుర్చీ వేశారు, వీపుకు దిండు పెట్టారు. హాజరు రిజిస్టరు కిందికే వచ్చేది, టీ కిందికే వచ్చేది. పని మాత్రం రాలేదు.

ఇవన్నీ మోసుకొచ్చేది అటెండరు దూలయ్య. అడవిపల్లె మనిషి, వెన్నలాంటి మనసు. ఆమె ఏ కాగితం ముట్టుకున్నా చేతిలోంచి లాక్కునేవాడు.

"నువ్ కూసో బిడ్డా. నేన్ లేనా?"

"కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది దూలయ్యా. ఏదన్నా ఫైలు తెచ్చియ్యి."

"పాపం, నీకెందుకమ్మా గా తిప్పలు!"

ఆ 'పాపం' వింటే చాలు, ఆమెకు ఒళ్లు మండిపోయేది. సూపరింటెండెంటు చందూలాల్‌ను మూడుసార్లు అడిగింది. ఆయన మూడుసార్లూ మర్యాదగా కిందికి దిగొచ్చి, "జీతం ఆగుతున్నదా? లేదు గదా. నిమ్మలంగ ఉండుమ్మా," అని వెళ్లిపోయాడు. నిమ్మళమట! ఆమె కూర్చున్నచోటే కుర్చీ అల్లికంతా గిల్లి ఊడదీసింది. పెన్ను మూతలు కొరికేసింది. ఓరోజు ఉండబట్టలేక చీపురు తీసుకుని వరండా ఊడ్చింది. ఆఫీసంతా చిన్నబుచ్చుకుంది, ఎవరైనా చూస్తే తమనేమనుకుంటారని. రాత్రి కిరాయి గదిలో పడుకుంటే కూడా చేతులు ఊరికే ఉండేవి కావు, దుప్పటి అంచు మీద టైపు కొడుతూ ఉండేవి.

2008 జూన్‌కు రెండేళ్లు నిండాయి. ఆమె పని ఎలా ఉందో రాసి పంపమని ఖమ్మం పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. బాగుందంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. చందూలాల్‌కు ఏం రాయాలో తోచలేదు. అప్పుడు మేడమీద వాళ్లందరూ కలిసి ఓ ఉపాయం చేశారు. మధ్యాహ్నం బస్సుకు పంపే ముందు, ఆ ఉపాయాన్ని జోజమ్మకు చూపించాలని దూలయ్య సంబరంగా మెట్లు దిగొచ్చాడు. అర్జీ అది. కింద పదకొండు సంతకాలు.

'కుమారి జోజమ్మ గారు వికలాంగురాలైనందున ఈ రెండేండ్లలో ఆమెకు ఏ పనియు చెప్పక, ఒక్క మెట్టు ఎక్కనీయక, కన్నబిడ్డ వలె చూసుకొనుచున్నాము. కావున దయతలచి ఆమె ఉద్యోగమును ఖాయము చేయగలరు.'

ఆమె చివరిదాకా చదివి తలెత్తింది.

"దూలయ్యా, ఇది నా ఉద్యోగం పీకేసే కాగితం."

"గట్లంటవేంది బిడ్డా? అందరం దస్తకతులు పెట్టినం!"

అదే కదా గొడవ. ఆమె ఏ పనీ చేయలేదని పదకొండుమంది ప్రేమగా సాక్ష్యం పలికారు. ఇంత మంచివాళ్లను ఏమని తిడతాం? జోజమ్మ అర్జీని మడిచి జాకెట్లో దోపుకుంది. చంకకర్ర గోడకు ఆనించి, మొదటి మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, అరచేతులు ఊని ఒక్కో మెట్టూ పైకి జరగడం మొదలుపెట్టింది.

"అయ్యో, నేన్ ఎత్తుకపోత బిడ్డా!"

"ముట్టుకున్నావంటే ఊరుకోను!"

మేడ చేరేసరికి చీరంతా దుమ్ము, అరచేతులు గీసుకుపోయాయి. చందూలాల్ కంగారుగా లేచాడు.

"ఏందమ్మా ఇది! కబురు పెడితే మేమే దిగుతుంటిమి గదా."

"మీరు రెండేళ్ల నుంచి దిగుతూనే ఉన్నారు సార్. దిగాల్సింది పని." అర్జీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది ఖమ్మం చేరితే నేను ఎర్రుపాలెం చేరుకుంటా."

ఆయన మళ్లీ చదివాడు. ఈసారి అర్థమై మొహం మాడిపోయింది. "మరి ఏం రాయమంటవ్? చేసిందని అబద్ధం రాయాల్నా?"

"వద్దు. ఆమె అడిగింది, మేమే ఇవ్వలేదని రాయండి."

టైపిస్టు సుజాత కళ్లొత్తుకుంది.

"ఏడుపులెందుకు సుజాతక్కా? ఇన్వార్డు బల్ల కిందికి పంపించు," అంది జోజమ్మ. జనం తెచ్చే అర్జీలకు ముద్ర వేసి నంబరిచ్చే బల్ల అది. దానికోసం ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా పదిహేడు మెట్లూ ఎక్కి దిగుతున్నారు. ఇన్నేళ్లూ ఒక్కరికీ తట్టలేదు.

చందూలాల్ గంటసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. తన మీద తనే రాసుకోవడమంటే మాటలా? చివరికి రాశాడు: 'పని అప్పగించలేదు. లోపము ఆఫీసుది.' ఖమ్మం నుంచి ఆయనకు సంజాయిషీ నోటీసు వచ్చింది. జోజమ్మకు ఇంకో ఏడాది గడువు వచ్చింది, అంతే. ఖాయమూ కాలేదు, పోనూ లేదు.

బల్ల మాత్రం దిగింది. మొదటి సోమవారం పొద్దున్నే వరండా నిండా జనం. రెండేళ్లు పని లేని చేతులు కదా, తడబడ్డాయి. ముద్ర వంకరగా పడింది, ఓ నంబరు రెండుసార్లు రాసి కొట్టేసింది. చెమటలు కారుతున్నాయి. ఈ ఏడాదీ ఇలాగే గడిస్తే తన గతేమిటని లోపల ఒకటే గుబులు. వరసలో జంపక్క అనే ముసలామె, నాలుగు కోసులు నడిచొచ్చిన మనిషి, ఓపిక చచ్చి బల్ల మీద చరిచింది.

"ఏందమ్మా గింత ఆలస్యం? జల్దీ కానియ్యి! పొద్దటిసంది నిలవడ్డం. మీ ఆఫీసోళ్లంత గింతే!"

దూలయ్య ఉలిక్కిపడి, "ఓ ముసలమ్మా, పాపం ఆమె..." అంటూ అడ్డం రాబోయాడు.

"నువ్వుండు దూలయ్యా!" అని కసిరింది జోజమ్మ. "ఆమె తిడుతున్నది ఆఫీసోళ్లని. అందులో నేనూ ఉన్నా."