బాలింత పిక్కలో వాపు

మొఘల్‌పురాలో బాలింతలకు నూనె రాసి నీళ్లు పోయాలంటే కృష్ణమ్మే రావాలి. ఆమె చేయి పడితే నొప్పులన్నీ పారిపోతాయని వాడకట్టంతా ఒకటే పొగడ్త. ఆ గర్వం ఆమెకు కొంచెం ఎక్కువే. డాక్టర్లకు సూదులు పొడవడం తప్ప ఏం తెలుసని ఈసడించేది.

అలాంటి మనిషి ఇంట్లోనే కోడలు ఆండాలుకు కాన్పయింది. ఇక చూడాలి ఆ కట్టుదిట్టం! మంచం దిగనివ్వదు, నాలుక తడుపుకోవడానికి మించి నీళ్లివ్వదు. నీళ్లెక్కువైతే బాలింత ఒళ్లు ఉబ్బుతుందని ఆమె నమ్మకం. కొన్నాళ్లకు ఆండాలు ఎడమ పిక్క వాచి వేడెక్కింది.

"ముట్టుకుంటెనే పానం పోతున్నట్టున్నది అత్తమ్మా, పిసకకు."

"వాతం పట్టింది బిడ్డా. గట్టిగ పిసికితెనే దిగుతది. జర ఓర్సుకో."

వేడి నూనెతో బలమంతా పెట్టి పిసికింది. మర్నాడు పొద్దున్నే ఆండాలు ఛాతీ పట్టుకుని లేచి కూర్చుంది. "దమ్ము ఆడ్తలేదత్తమ్మా!" దగ్గితే ఉమ్ములో నెత్తురు. కృష్ణమ్మ వాము నీళ్లు కాచబోయింది. కొడుకు రామ్‌చందర్ వింటేనా! పెళ్లాన్ని రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాడు. పసిగుడ్డును ఎత్తుకుని వెనకే కృష్ణమ్మ.

డాక్టర్ జగన్నాథరావు ఇంట్లో బాలింతను ఎలా ఉంచారో అడిగి, ఊపిరి విని, దుప్పటి తొలగించి నూనె జిడ్డుతో కమిలిన ఎడమ పిక్కను కుడిదానితో పోల్చి చూశాడు. వెంటనే ఆక్సిజన్ పెట్టించి, నెత్తురు గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కించాడు.

"కాలి నరంలో నెత్తురు గడ్డకట్టిందమ్మా. దాంట్లో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లో అడ్డం పడింది. కదలనివ్వక, నీళ్లివ్వక పడుకోబెడితే గడ్డకట్టదా? పైగా ఈ కాలు ఎవరు పిసికారు?"

"నేనే సారూ," అంది కృష్ణమ్మ. "బతుకుతదా?"

"ఇంకో ముక్క రాకపోతే బతుకుతుంది. ఆ కాలు ఎవరూ ముట్టుకోవద్దు."

ఆండాలు తీసే ఒక్కో ఊపిరినీ లెక్కపెట్టుకుంటూ కృష్ణమ్మ మంచం పక్కనే కూర్చుంది. మందు పనిచేసింది. ఆయాసం తగ్గి, ఆండాలు అన్నం అడిగి తిన్నది. అది చూసి రామ్‌చందర్ నవ్వాడు. కృష్ణమ్మ మాత్రం వరండాలోకి పోయి కూలబడి ఏడ్చింది.

"బతికింది గదనే అమ్మా, ఇంక ఏంది ఫికర్?"

"యాకుత్‌పురాల రాహేలు బిడ్డకు గూడ కాన్పయినంక గిట్లనే పిక్క వాచింది రా. నేనే పిసికిన. తెల్లారి దమ్ము ఆడక సచ్చిపోయింది. గుండె ఆగిందనుకున్నం అందరం."

రామ్‌చందర్ వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నా బిడ్డకు ఆఖరిదాంక సేవ జేసినవక్కా అని, రాహేలు ఈ చేతులే కండ్లకద్దుకున్నది రా," అంది కృష్ణమ్మ.