బొగ్గు బస్సు, సూరయ్య మేస్త్రి

నిన్న పొద్దున్న మా వీధిలో ఎవరిదో పాత కారు ఆగింది. మనిషి దిగి ఎదురింట్లోకి వెళ్లాడు, ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. మూడు దెబ్బలు సరిగ్గా కొట్టి, నాలుగోది తప్పి, బండి ఒళ్లంతా వణికి, మళ్లీ అందుకుంటోంది. బియ్యం ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి ఇంజను దానంతటదే చచ్చిపోయింది. ఆ తప్పిన దెబ్బ వినగానే నాకు రాజాం బస్సు షెడ్డూ, బొగ్గు పొడి వాసనా, సూరయ్య మేస్త్రీ గుర్తుకొచ్చారు. నేను తప్ప ఆయనను చూసినవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నా రాత నెమ్మది. అయినా ఆయన గురించి నేను రాయకపోతే రాసేవాళ్లు లేరు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సుల వెనక ఇనప డ్రమ్ములు బిగించి, వాటిలో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపేవారు. బయలుదేరేటప్పుడు ఒక సీసాడు పెట్రోలు, ఆ తర్వాత అంతా బొగ్గే. మా షావుకారు గారి బస్సు రాజాం నుంచి చీపురుపల్లి స్టేషనుకు తిరిగేది. బొగ్గు కొట్టి, జల్లెడ పట్టి, డ్రమ్ము నింపడం నా పని. నాకు పదిహేడేళ్లు. నాన్న లేడు, అమ్మకు మోకాళ్లు పట్టేసి మంచం దిగేది కాదు. ఆ పని ఉంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

సూరయ్య మేస్త్రికి ఒక చెవి వినపడదు. రెండో చెవికి చింతకర్ర ఆనించి, కర్ర రెండో కొసను ఇంజను మీద పెట్టి, కళ్లు మూసుకొని వినేవాడు. ఆయనను నేను మావా అనేదాన్ని. ఒకరోజు ఆ కర్ర నా చేతికిచ్చాడు.

"ఏటినబడతందే, పైడీ?"

"గోలినబడతంది మావా."

"గోల నాకూ ఇనబడతాది, సెవిటోణ్ణయినా. ఆ గోల్లో ఎవుడు నోరు మూసుకున్నాడో సెప్పు."

ఇంజనులో నాలుగు చోట్ల నిప్పురవ్వ పుడుతుందని, నాలుగూ వరసగా కొడితేనే ఇంజను నిలకడగా ఆడుతుందని అప్పుడు చెప్పాడు. రవ్వ పుట్టే చోట్లకు వెళ్లే తీగలను ఒక్కొక్కటిగా ఎండుకర్రతో పక్కకు లాగేవాడు. తీగ తీసినప్పుడు చప్పుడు కుంటితే అక్కడ పని జరుగుతున్నట్టు. తీసినా ఏ తేడా లేకపోతే నోరు మూసుకున్నవాడు వాడే. బొగ్గు కొట్టే ఆడపిల్లకు ఇది చెప్పవలసిన అవసరం ఆయనకు లేదు. నేను అడిగితే చాలు, చెప్పేవాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక బస్సుకు జబ్బు చేసింది. పరుగులో బాగానే ఉండేది. జనాన్ని ఎక్కించుకోవడానికి ఆగిన ప్రతిచోటా దడదడ వణికి ఆగిపోయేది. జనం దిగి తొయ్యాలి. ఒకరోజు షెడ్డు ముందే, జనమంతా ఎక్కి కూర్చున్నాక, మూడుసార్లు ఆగింది. షావుకారు గారు గొడుగు వేసుకొని వచ్చారు.

"ఈ గుంట తడిబొగ్గు పోస్తోంది. సందేహమే లేదు. రేపటినుంచి దీన్ని రావద్దను," అన్నారు.

"నేదు బాబూ, గోనె కప్పి ఉంచినాను," అన్నాను. కిటికీల్లోంచి బస్సు జనమంతా నన్నే చూస్తున్నారు.

"ఉండండి బాబూ," అన్నాడు సూరయ్య మేస్త్రి. "గుంటనడిగే ముందు ఇంజన్నడగాల."

గుప్పెడు బొగ్గు ఇత్తడి చెంబులో వేసి, మూతపెట్టి, టీ కొట్టు పొయ్యి మీద ఉంచాడు. మూత తీసి షావుకారు గారికి చూపించాడు. మూత లోపల ఒక్క నీటి చుక్క లేదు. తర్వాత ఇంజను ఆడించి, నాలుగు తీగలూ వరసగా లాగాడు. నాలుగింటికీ చప్పుడు ఒకేలా కుంటింది.

"బొగ్గు బాగున్నాది. రవ్వ బాగున్నాది. పరుగులో ఏడవదు, నిలబడితేనే సస్తంది. ఎక్కడో గాలి లాగేస్తంది. పైడీ, సుట్ట ఎలిగించే!"

నాకు తల తీసేసినట్టయింది. మా వైపు ఆడవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకొని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటాం. అమ్మ దగ్గర నాకూ అలవాటైంది గాని, ఇంతమంది మగవాళ్ల ముందు ఎప్పుడూ కాల్చలేదు.

"ఓలమ్మా, బస్సుక్కూడా సుట్ట కావాలేటే!" అని కిటికీలోంచి ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

"మీ బీడీలైతే నిప్పు బయటుంటాది, పక్కన పెట్రోలు సీసా ఉన్నాది," అన్నాడు మేస్త్రి వాళ్లకేసి తిరిగి. "దీనిదైతే నిప్పు నోట్లోనే ఉంటాది, పొగొక్కటే బయటికొస్తాది. మీలో ఎవుడికైనా సేతనైతే రండి."

ఎవరూ దిగలేదు. నేను వంగి, గొట్టాల అతుకుల వెంబడి సన్నగా పొగ ఊదుతూ వెళ్లాను. ఎక్కడ ఊదినా పొగ చెదిరిపోతోంది. ఇంజనుకు గ్యాసు అందించే వంపు గొట్టం కింద మాత్రం దారంలా సాగి, అతుకులోకి దూరి మాయమైంది. మళ్లీ ఊదాను. మళ్లీ దూరింది. మేస్త్రి గుప్పెడు తడి బంకమన్ను తెచ్చి అక్కడ అద్దాడు. వణుకు ఆగిపోయింది. ఇంజను కుదురుగా ఆడసాగింది.

అప్పుడాయన చేతులు తుడుచుకొని, కిటికీల వాళ్లకు కూడా వినపడేటట్టు చెప్పాడు. "బాబూ, తప్పు దీనిది కాదు, నాది. రబ్బరు దొరక్క ఆ అతుక్కి నానే అట్టముక్కేసినాను. వానకి నానిపోనాది."

షావుకారు గారి ముఖం మాడిపోయింది. నన్ను ఉండమన్నారు. మరుసటి వారం చీపురుపల్లి నుంచి ఇంకొక మేస్త్రిని తెచ్చి సూరయ్య మేస్త్రి మీద పెట్టారు. పెట్రోలు మళ్లీ వచ్చి డ్రమ్ములు ఊడదీసేదాకా నేనక్కడే పనిచేశాను. అన్నాళ్లూ ఆయన తనకంటే చిన్నవాడి చేతికింద స్పానర్లు అందించాడు.

"మన్ను పూసి ఊరుకుంటే ఎవులికి తెలుస్తాది మావా?" అని ఒకసారి అడిగాను.

"నిన్ను అందరి ముందరా అన్నారు గదే. ఆ మాట మరి నానెక్కడ తియ్యాల, ఇంటికాడా?" అన్నాడు.

ఆ మాట నాకు ఎంత తక్కువ అర్థమైందో ఆలస్యంగా తెలిసింది. మా కోడలు వచ్చిన కొత్తలో ఒక ఏడు ఆవకాయ బూజు పట్టింది. ముగ్గురు చుట్టాల ముందు, "నీ చేతి తడే కొంపముంచింది," అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. నెల తర్వాత గుర్తొచ్చింది, జాడీ కడిగింది నేను, ఎండ లేకపోయినా తొందరపడి నింపింది నేను. ఇంట్లో కోడలికి చెప్పాను. ఆ ముగ్గురికీ చెప్పలేదు. ఒకరు బొబ్బిలిలో, ఒకరు టెక్కలిలో, ఒకరు సాలూరులో ఉన్నారు కదా అని సర్దుకున్నాను. అలా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

వయోజనుల బడిలో వాక్యం రాయడం వచ్చాక, మొదట ఆ ముగ్గురికీ మూడు పోస్టు కార్డులు తెప్పించుకున్నాను. మూడింటిలోనూ ఒకటే మాట, ఆ రోజు తడి నా జాడీది, కోడలి చేతిది కాదు అని. కోడలు చదివింది.

"ఇప్పుడెందుకత్తా? ఆళ్లెప్పుడో మరిసిపోనారు."

"నువ్వు మరిసిపోనావేటే?"

కోడలు పొయ్యి మీద గిన్నె దించి, చేతులు తుడుచుకొని, కార్డులు మూడూ తనే తీసుకెళ్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.