పొద్దున్నే మొగుణ్ణి తూచే రూప్లి

బూర్గంపాడు సంతలో చింతపండు కొనే షావుకారు నోరు మూయించిన మనిషి నా ఎరుకలో ఒక్కతే, మా పక్కింటి రూప్లి. ఆ రోజు ఆమె గంప కాంటా మీద పెట్టగానే అంకె పద్దెనిమిది దగ్గర ఆగింది.

"ఇంటికాడ ఇరవై ఉండె," అంది రూప్లి.

"మీ తండా కాంటా ముసల్ది. మాది మొన్ననే కొన్నం," అన్నాడు షావుకారు.

రూప్లి వంగి చూసింది. కాంటా కింద మడతలు పెట్టిన గోనెసంచులు! "దీనికి పరుపు ఏసినవేంది? పండుకుంటదా?" అని సంచులు లాగి అవతల పారేసింది. గట్టినేల మీద పెట్టి తూచితే సరిగ్గా ఇరవై. సంతంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ షావుకారు నన్నూ ఎన్నిసార్లు ముంచాడో!

అంత తెలివిగల మనిషి తన ఇంట్లో అదే తప్పు చేసింది. అది కూడా చెప్పాలి.

ఆమె మొగుడు మోతీలాల్ పామాయిల్ తోటల్లో గెలలు కోస్తాడు. పోయిన ఎండాకాలం కాళ్లు బూరెల్లా పొంగి, పడుకుంటే ఊపిరాడక భద్రాచలం దవాఖానాలో చేరాడు. గుండె బలహీనపడిందన్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రూప్లిని కూర్చోబెట్టి చెప్పింది. రోజూ పొద్దున ఒంటికి పోయి వచ్చాక, చాయ్ కూడా తాగకముందు బరువు చూసి రాయాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. కాళ్లు వాచేదాకా ఆగితే మనిషి దక్కడు.

మనిషి ఎక్కి నిలబడే బరువు మిషన్ తెచ్చింది రూప్లి. కొత్త వస్తువును ఉత్త నేల మీద ఎట్లా పెడతారు? బొంత నాలుగు మడతలు వేసి, దాని మీద పెట్టి, పసుపు కుంకుమ పూసింది. ఇక మోతీలాల్ అవస్థ చూడాలి. బొట్టు పెట్టిన దానికి కాలు తగిలిందని ఎక్కగానే వంగి, దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. అంకె కోతిలా గెంతేది. ఒకరోజు యాభై ఐదు, మర్నాడు అరవై రెండు!

"పెద్దమ్మా, గీ మిషన్‌కు పిచ్చి లేసింది," అంది నాతో.

"పిచ్చి దానికి కాదు, నీకు. షావుకారుకు చెప్పిన నీతి నీ ఇంట్లకు రాలేదా? దాని కింద బొంత ఏందే?" అన్నాను.

నాలుక కరుచుకుంది. ఆ పూటే వాకిట్లో ఉన్న నాపరాయి బండ లోపలికి దొర్లించింది. పళ్లెంలో నీళ్లు పోసి బండ మీద పెట్టి, నీళ్లు ఒక పక్కకు ఒరగకుండా సరిచేసింది. ముందు తను ఒక్కతే ఎక్కింది. తర్వాత మూతి విప్పని పది కిలోల బియ్యం సంచి ఎత్తుకుని ఎక్కింది. సరిగ్గా పది పెరిగింది! "నిజం చెప్తున్నది పెద్దమ్మా!" అని సంచితో సహా ఎగిరింది. మొగుడికి మాత్రం కొత్త చట్టం పెట్టింది. "దండం ముందుగాల పెట్టు, ఆనక ఎక్కు. ఎక్కినంక బొమ్మ లెక్క నిలబడు."

అప్పటి నుంచి అంకె కుదురుకుంది. యాభై ఎనిమిది, అటూ ఇటుగా.

దసరా ముందర ఒక సోమవారం యాభై ఎనిమిదిన్నర వచ్చింది. మంగళవారం యాభై తొమ్మిదిన్నర. బుధవారం నేను చాయ్‌పత్తా కోసం వెళ్లేసరికి మోతీలాల్ బండ మీద ఉన్నాడు. "గదిగో, యాభై ఎనిమిది. తగ్గింది. నేను కోతకు పోత," అంటున్నాడు.

రూప్లి అంకె వైపు చూడలేదు, ఆయన చెయ్యి వైపు చూసింది. ఆ చెయ్యి ద్వారబంధం పట్టుకుని ఉంది.

"ఓ భాను బాపూ! చెయ్యి తియ్!" అని కూతురి పేరుతో మొగుణ్ణి పిలిచి గద్దించింది.

తీశాడు. అరవై ఒకటి!

"మిషన్ చెడిపోయింది. నా కాళ్లు చూడు, వాపే లేదు," అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది, అన్నాను కూడా. రూప్లి మా ఇద్దరి మాటా వినలేదు. బియ్యం సంచి ఎత్తుకుని ఎక్కింది, దించి ఎక్కింది. పది అంటే పదే.

"గిది అబద్ధం ఆడలే. ఆడేది నువ్వు. నడువ్!"

నేనూ ఆటో ఎక్కి, గోదావరి వంతెన దాటేదాకా డ్రైవరును తొందరపెడుతూనే ఉన్నాను. దవాఖానాలో సూది వేస్తే ఒంట్లో నీరంతా దిగింది. డాక్టరమ్మ రూప్లి భుజం తట్టి, "ఇంకో రెండు రోజులు ఆగితే నా చేతుల్లో ఉండేది కాదమ్మా," అంది. శనివారం పొద్దున బండ మీద యాభై ఎనిమిది కనిపించగానే నేను కేక వేశాను. తండా కుక్కలన్నీ మొరిగాయి. మొరగనీ!

నిన్న కబురు వచ్చింది. ముదిగొండలో కూతురు భానుకు నెలలు నిండాయి, రూప్లి పదిహేను రోజులు పోవాలి. బట్టలు సర్దుకుని మా గడపలోకి వచ్చి, బరువులు రాసే పుస్తకం, పెన్సిలు నా ఒళ్లో పెట్టింది. అక్షరాలైతే కూడబలుక్కోవాలి గానీ నాకు అంకెలు బాగానే వచ్చు. అది ఆమెకు తెలుసు.

"పెద్దమ్మా, రోజూ చాయ్‌కి ముందు నువ్వే ఎక్కించు. ఆయన చెప్పింది రాయకు. నువ్వు కండ్లతోని చూసిందే రాయి."